వరద తీసిన తర్వాత

జార్జ్ ఎలియట్ నవల ‘ది మిల్ ఆన్ ద ఫ్లాస్’ 1860లో అచ్చయింది. దాని ముగింపు బాగాలేదన్న మాట కూడా దాదాపు అప్పట్నించే ఉంది. నవలంతా అన్నాచెల్లెళ్ళ పేచీలు, మేనత్తల దెప్పులు, అప్పులు, కోర్టులు, ప్రేమలు నడిచి నడిచి, చివరికి ఎటూ తోచక నదిని పొంగించి ఇద్దర్నీ ముంచేసిందని ఫిర్యాదు. 1866లో హెన్రీ జేమ్స్, పాఠకుణ్ణి దీనికి ముందుగా సిద్ధం చెయ్యలేదన్నాడు. 1948లో ఎఫ్. ఆర్. లీవిస్ ‘ద గ్రేట్ ట్రెడిషన్’లో ఇంకాస్త కటువుగా, ఆ నదికి ఏ ప్రతీకార్థమూ లేదు, అదొక పగటికల తీర్చుకోడానికి దొరికిన ప్రమాదం అని తేల్చేశాడు. ఎలియట్ కూడా, మొదటి రెండు సంపుటాలంత విస్తారంగా మూడోదాన్ని రాయలేకపోయానని ఒప్పుకుంది.

ఈ తగువులో నేను ఎక్కువసేపు నిలబడను. వరద సూచనలు నవలలో మొదట్నించీ ఉన్నాయి. పిల్లలిద్దరూ ఏదో ఒకనాడు నీళ్ళలో పడి శవాలై ఇంటికొస్తారని తల్లి మొదటి అధ్యాయాల్లోనే సణుగుతుంది. ఆ ఊరి పేరు వెనకున్న పడవవాడు సెయింట్ ఆగ్ కథ కూడా వరద కథే. పైగా 1859 జనవరిలోనే ఎలియట్ వరదల వృత్తాంతాల కోసం ‘యాన్యువల్ రిజిస్టర్’ తిరగేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ట్రెంట్ నది ఒడ్డున ఉన్న గెయిన్స్‌బరో వెళ్ళి చూసొచ్చింది. కాబట్టి ఇది ఆఖరి నిమిషంలో తట్టిన ఉపాయం కాదు. నన్ను ఆపింది వరద కాదు, వరద తర్వాత ఉన్న ఒకటిన్నర పేజీ. ‘ఉపసంహారం’ అని వేరే శీర్షికతో ఉంటుంది. మ్యాగీ, టామ్ మునిగిపోగానే కళ్ళు తుడుచుకుని చాలామంది పుస్తకం మూసేస్తారు. విమర్శకులు కూడా వరద సీను దగ్గరే కొట్టుకున్నారు. నా మట్టుకు నాకు ఆ నవల అసలు ముగింపు ఆ ఒకటిన్నర పేజీలోనే ఉంది. ఆ నవలలోని పెద్ద లోపం కూడా అక్కడే ఉంది.

అది తెలియాలంటే ముందు మిల్లు సంగతి చెప్పుకోవాలి. ప్రేమకథ ధ్యాసలో పడి మర్చిపోతాం గానీ, ఈ నవలకి పేరు మ్యాగీ మీద పెట్టలేదు, మిల్లు మీద పెట్టారు. డోర్ల్‌కోట్ మిల్లు ఒక ఏటి ఒడ్డున ఉన్న పిండిమర. నీటితో తిరుగుతుంది. తరతరాలుగా టల్లివర్ల చేతిలో ఉంది. ఎగువ పొలానికి కొత్తగా వచ్చిన ఆసామి పివార్ట్ నీళ్ళు మళ్ళించి పొలం తడుపుకుంటుంటే టల్లివర్ కోర్టుకెక్కుతాడు. ఓడిపోతాడు. ఆస్తి పోతుంది. ఎదుటి పక్షం లాయరు వేకమే ఆ మిల్లు కొనుక్కుని, టల్లివర్‌ని జీతానికి అక్కడే ఉంచుతాడు. మనకి గోదావరి జిల్లాల్లో బోదె నీళ్ళ కోసం మూడు తరాలు మాటలు మానుకున్న కుటుంబాలు తెలుసు కాబట్టి ఇదేమీ కొత్తగా అనిపించదు. ఎగువవాడు, దిగువవాడు, మధ్యలో ప్లీడరు.

టల్లివర్ దివాలా తీశాక ఒక సాయంత్రం పనివాడు లూక్‌తో పాత సంగతులు చెప్పుకుంటూ కూర్చుంటాడు. నాకు ఈ నవలలో బాగా ఇష్టమైన చోటు ఇది. ఇప్పుడున్న మిల్లు మొదటి మిల్లు కాదు. అంతకుముందు చెక్కతో కట్టిన పాతది ఉండేది. ఏదో పాత వరదకి అది దెబ్బతింటే తాత దాన్ని పడగొట్టించి ఇది కట్టాడు. ఆ మాటల్లోనే ఇంకొకటి కూడా అంటాడు: మిల్లు చేతులు మారితే నదికి కోపం వస్తుందని వాళ్ళ నాన్న అనేవాడట. ముసలాయన చాదస్తంలా వచ్చి వెళ్ళిపోతుంది ఆ మాట. చదివేటప్పుడు పట్టించుకోం.

ఆ తర్వాత టామ్ బతుకంతా ఆ మిల్లు తిరిగి సంపాదించడమే. పదహారేళ్ళ కుర్రాడు చదువు మానేసి, పైసా పైసా కూడబెట్టి, తండ్రి అప్పులన్నీ తీరుస్తాడు. వేకమ్ చేతిలోంచి మిల్లుని గెస్ట్ అండ్ కంపెనీ కొంటుంది. టామ్ దాని మేనేజరుగా పాత ఇంట్లోకి వస్తాడు. ముందుముందు వాయిదాల్లో కొనుక్కోవచ్చన్న ఆశ. తండ్రి చివరి కోరిక సగం తీరిందంటుంది ఎలియట్. సగం అన్న మాట గుర్తుంచుకోవాలి. ఎందుకంటే వరద వచ్చేనాటికి ఆ మిల్లు టల్లివర్లది కాదు, కంపెనీది.

వరద రాత్రి మ్యాగీ పడవ వేసుకుని మిల్లు దగ్గరకొస్తుంది. టామ్ పై కిటికీలోంచి దిగుతాడు. తల్లి పుల్లెట్ల ఇంటికి వెళ్ళింది కాబట్టి బతికిపోయింది. ఇద్దరూ లూసీ వాళ్ళని చూద్దామని పడవ తిప్పుతారు. అప్పుడు వాళ్ళని చంపింది నీళ్ళు కాదు. రేవులోంచి ఊడిపోయిన పెద్ద చెక్క యంత్రాల ముక్కలు కొట్టుకొచ్చి పడవ మీద పడతాయి. సరుకు దించడానికి, ఎక్కించడానికి వాడే సామాను అది. టామ్ ఏళ్ళ తరబడి చాకిరీ చేసిన వ్యాపారం తాలూకు కొయ్య వచ్చి అతని మీద పడింది. లీవిస్‌కి ప్రతీక కనిపించలేదంటే, ఆయన నీళ్ళలో వెతికాడేమో. అది కొయ్యల్లో ఉంది.

ఇప్పుడు ఆ ఉపసంహారం. అయిదేళ్ళు గడిచాయి. శరదృతువు. ధాన్యం పండి కుప్పలు పడింది. రేవులో, గోడౌన్లలో సందడి మామూలే. కథలో మనకి తెలిసిన మనుషుల్లో, చావు మనం చూసినవాళ్ళు తప్ప, మిగతా అందరూ బతికే ఉన్నారు. ప్రకృతి తాను చేసిన నష్టాన్ని తానే బాగుచేసుకుంటుంది, కానీ మొత్తం కాదు, పెకలించుకుపోయిన చెట్లు మళ్ళీ వేళ్ళు దిగవు అంటుంది ఎలియట్. ఇక్కడిదాకా మంచి వచనం, అంతే. తర్వాత మూడే మూడు ముక్కల్లో మిల్లుని మళ్ళీ కట్టారని చెప్పి పక్కకి తప్పుకుంటుంది.

ఎవరు కట్టారు? చెప్పదు. నవలంతా ఎవరి మిల్లు, ఎవరి మిల్లు అని మనుషులు కొట్టుకు చచ్చారు. చివరికి కర్త లేని వాక్యంలో మిల్లు లేచి నిలబడింది. మా ఉద్యోగాల్లో సర్వర్లు కూలిపోయి మళ్ళీ లేచాక ఒక రిపోర్టు రాస్తాం. అందులో మొదటి లైను ఎప్పుడూ ఒకటే: సేవలు పునరుద్ధరించబడినవి. ఎవరు రాత్రంతా కూర్చున్నారో, ఏ ఫైళ్ళు ఇక దొరకవో అన్నవన్నీ కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఎలియట్ ఆ లైను కావాలనే అలా రాసిందనుకుంటాను, ఎందుకంటే వెంటనే శ్మశానానికి తీసుకెళ్తుంది. తండ్రి సమాధి రాయి వరదకి పడిపోయి కనిపించిందట. ఇప్పుడు అక్కడ గడ్డీ, ప్రశాంతతా తిరిగొచ్చాయి. పక్కనే అన్నాచెల్లెళ్ళ సమాధి. దాన్ని చూడ్డానికి ఇద్దరు మగవాళ్ళు విడివిడిగా వస్తుంటారు.

ఆ ఇద్దరూ ఎవరు? పేర్లు చెప్పకపోయినా తెలుస్తూనే ఉంటుంది. ఒకరు స్టీఫెన్ గెస్ట్, ఇంకొకరు ఫిలిప్ వేకమ్. మ్యాగీని ప్రేమించినవాళ్ళుగానే అందరూ వీళ్ళని చూస్తారు. ఆస్తి లెక్కన చూడండి. ఒకడు మిల్లు ఇప్పుడున్న కంపెనీ వారసుడు. రెండోవాడు అంతకుముందు దాన్ని కొన్న లాయరు కొడుకు. మిల్లు కోసం ప్రాణాలు పెట్టిన టల్లివర్లు ముగ్గురూ మట్టిలో ఉన్నారు. కొనుక్కున్న రెండు ఇళ్ళ వారసులూ పైన నిలబడి ఏడుస్తున్నారు. వాళ్ళ దుఃఖం అబద్ధం కాదు, ఫిలిప్‌ది అసలే కాదు. కానీ నది తీసుకెళ్ళింది ఎవర్ని, మిగిల్చింది ఎవరికి అన్న లెక్కని ఎలియట్ ఇంత నిశ్శబ్దంగా వేసిందంటే, ఈ ముగింపుని తేలిక ఉపాయం అనడానికి నాకు నోరు రాదు.

మరి లోపం అన్నది ఎక్కడ? మిసెస్ టల్లివర్ దగ్గర.

మూడో భాగంలో దివాలా తీసినప్పుడు ఈవిడ కోసం ఎలియట్ ఒక అధ్యాయం ఇచ్చింది. జప్తువాడు ఇంట్లో ఉన్నాడు. ఈవిడ సామాన్ల గదిలో కూర్చుని, పెళ్ళికి ముందు తనే నూలు వడికి నేయించుకున్న దుప్పట్లు, బల్లగుడ్డలు ముందేసుకుని, మూలన కుట్టిన తన కన్యాపేరు చూసుకుని ఏడుస్తుంది. వెండి టీకుండ పరాయివాళ్ళ పాలవుతుందని ఏడుస్తుంది. అక్కచెల్లెళ్ళు వచ్చి ఎవరు ఏది కొనాలో బేరాలాడతారు. హాస్యం, జాలి రెండూ కలిసిన అధ్యాయం. మనిషికి ఇల్లు పోవడమంటే ఏమిటో అంత బాగా రాసినవాళ్ళు తక్కువ. కోర్టు తీసుకెళ్ళిన ప్రతి గుడ్డముక్కకీ లెక్క చెప్పిన రచయిత్రి, నది తీసుకెళ్ళినదానికి ఒక్క గరిటె లెక్క కూడా చెప్పలేదు. పుల్లెట్ల ఇంటినుంచి ఆ తల్లి ఎప్పుడు తిరిగొచ్చింది? కొడుకు, కూతురు పోయిన ఆ ఇంటి గుమ్మంలో ఎంత ఎత్తున బురద ఉంది? ‘మిగతా అందరూ బతికే ఉన్నారు’ అన్న గుంపు వాక్యంలో ఆమెని కలిపేసింది. సమాధి దగ్గరకి ప్రేమికుల్ని పంపింది గానీ తల్లిని పంపలేదు. మూడో సంపుటం తొందరైపోయిందని ఎలియట్ ఒప్పుకున్నదాంట్లో, ఆమె అనుకోని తొందర ఇది.

వరద తీసిన తర్వాతి ఇంటి లెక్క నాకు పూర్తిగా వేరే చోట దొరికింది. అదీ పట్టుమని పది పేజీలు లేని మలయాళం కథలో. తకళి శివశంకర పిళ్ళ ‘వెళ్ళప్పొక్కత్తిల్’, అంటే వరదలో. కేరళలో 1924 జులైలో వచ్చిన వరదని ఇప్పటికీ ‘తొంభై తొమ్మిది వరద’ అంటారు. వాళ్ళ కొల్లం శకంలో అది 1099. అప్పటికి తకళికి పన్నెండేళ్ళు. సొంతూరు కుట్టనాడులోనే. సముద్రమట్టానికి దిగువన వరి పండించే నేల అది. పెద్దయ్యాక వకీలు పని చేశాడు, భూమి తగాదాలు దగ్గరగా చూసినవాడు. ఈ కథ చదువుతుంటే అది తెలుస్తుంది.

చేన్నన్ పరయ కులంవాడు. దొర ప్రాణాలు దక్కించుకుని ఎప్పుడో గట్టెక్కేశాడు. చేన్నన్ మాత్రం గుడిసె వదల్లేదు. గుడిసె దగ్గర గెలవేసిన నాలుగైదు అరటిచెట్లు, ఒక గడ్డివామి ఉన్నాయి. తను వెళ్తే ఎవడో ఎత్తుకుపోతాడని భయం. పైకప్పు మీదకి నీళ్ళొచ్చాక నిండుచూలాలు భార్యతో, నలుగురు పిల్లలతో దారిన పోయే పడవెక్కుతాడు. పిల్లి కూడా ఎక్కుతుంది. కుక్క కప్పుకి అవతలి వైపున ఉండిపోతుంది. పడవ దూరం వెళ్ళాక దానికి తెలుస్తుంది.

అక్కణ్ణించి కథంతా కుక్కది. రాత్రి దొంగలు పడవలో వచ్చి గెలలు కోస్తుంటే మొరుగుతుంది. గడ్డివామి మీద చెయ్యివేసినవాడి పిక్క పట్టుకుంటుంది. దెబ్బలు తింటుంది. గెలలూ పోతాయి, గడ్డీ పోతుంది. మధ్యలో కుక్క ఆలోచనల్ని రచయిత మరీ మనిషి ఆలోచనల్లా చెప్పినచోట్ల నాకు కొంచెం ఇబ్బందనిపించింది. ఆకాశం చూసి అది అరిచే అరుపుల్ని ఒకసారి చెప్తే చాలు. కానీ కథ కట్టుబడి మాత్రం గట్టిది. చేన్నన్ ఎందుకు ఆగాడో, కుక్క సరిగ్గా దానికోసమే చచ్చింది. నేల దొరది. గుడిసె ఉన్నా లేనట్టే. తనదని చెప్పుకోడానికి ఉన్నది ఆ నాలుగు గెలలు, ఆ గడ్డి. యజమాని వదిలేసి వెళ్ళాల్సి వచ్చినదాన్ని, యజమాని వదిలేసిన కుక్క కాపలా కాసింది.

ఆ అరటిచెట్లు చదవగానే నాకు మా మావయ్య గుర్తొచ్చాడు. కోనసీమలో ఒక లంకలో రెండెకరాలు కౌలుకి చేస్తాడు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకెళ్ళింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులొచ్చింది, ఇప్పటికీ అదే రికార్డు. టీవీలవాళ్ళు ఆ అడుగులు చెప్పినన్ని రోజులూ లంకలన్నీ చూపించారు. నీళ్ళు తీసిన రోజునుంచీ ఎవరూ చూపించలేదు. నేను ఫోను చేసి, నీళ్ళు పోయాయి కదా ఇక ఫర్వాలేదా అనడిగితే ఆయన అన్నాడు:

“నీళ్ళదేముందిరా అబ్బాయ్, వచ్చాయి, పోయాయి. ముందు ఇసక చూడు.”

ఫోటో పంపాడు. అరటితోట ఉన్నచోట తెల్లగా ఇసుక మేట. మధ్యలో అక్కడక్కడా విరిగిన బోదెలు. నష్టం రాసుకోడానికి మనుషులొచ్చి వెళ్ళారన్నాడు.

“పేరు ఎవరిది రాశారు మావయ్యా?”

“కాయితంలో ఎవరిదుంటే వాళ్ళది. భూమి ఆయనదేగా మరి. అరిటి నాది. అరిటి పోయింది, భూమి ఉంది. ఇసక కింద ఉంది.”

ఆ తర్వాత నేను విపత్తు సహాయ నిధికి కేంద్రం పెట్టిన నిబంధనలు వెతుక్కుని చదివాను. సాహిత్య వ్యాసంలో ఇదేంటి అనుకోకండి, వరద తర్వాత ఏం మిగిలిందో చెప్పే రచనే ఇది కూడా, కాకపోతే పట్టికలో ఉంటుంది. 2022–26 నిబంధనల ప్రకారం పొలంలో మేట మూడు అంగుళాలు దాటి ఉంటేనే తీయించుకోడానికి సాయం, హెక్టారుకి 18,000 రూపాయలు. రెండున్నర అంగుళాల ఇసుకైతే లెక్కలోకి రాదు. నది దారి మార్చుకుని భూమినే కోసుకుపోతే 47,000. అదీ సన్న, చిన్నకారు రైతుకే, అదీ రెవెన్యూ రికార్డుల్లో యాజమాన్యం చట్టబద్ధంగా ఉంటేనే. ఎలియట్ వదిలేసిన లెక్క ఇక్కడ ఉంది. అంగుళాలతో సహా ఉంది. కానీ ఇందులో మా మావయ్య లేడు. చేన్నన్ కూడా ఉండడు. టల్లివర్? దివాలా తీశాక అతనూ ఉండడు. వరద రోజు ఆ మిల్లులో ఉన్న టామ్ కూడా ఉండడు, కంపెనీ ఉంటుంది. అందుకే ఎలియట్ కర్త లేకుండా వదిలేసిన ఆ మిల్లు వాక్యం అంత నిజంగా అనిపిస్తుంది నాకు.

మన సాహిత్యంలో గాలివాన అనగానే పాలగుమ్మి పద్మరాజు కథ గుర్తొస్తుంది. అదీ తెల్లారాక రావుగారికి కనిపించినవాటితోనే ముగుస్తుంది. గాలి హోరు కోసం ఆ కథని పొగుడుతాం గానీ దాని బలం ఆ తెల్లవారుజామున ఉంది. నీళ్ళు పెరుగుతున్నంతసేపూ ఎవరు రాసినా రక్తి కడుతుంది, పెరిగే నీళ్ళలోనే కావలసినంత ఉత్కంఠ ఉంది. నీళ్ళు తీశాక రచయితకి ఆ సాయం ఉండదు. బురదలో చెయ్యిపెట్టి ఒక్కొక్క వస్తువే బయటికి తీసి, ఇది ఎవరిది అని అడగాలి.

తకళి ఆ పని చేసింది చివరి కొద్ది వాక్యాల్లోనే. నీళ్ళు తగ్గుముఖం పట్టగానే చేన్నన్ ఈదుకుంటూ వస్తాడు. గుడిసె అప్పటికే పడిపోయింది. అతను వెతుక్కుంటున్నది అరటిగెలల్ని కాదు, గడ్డినీ కాదు. వేటి కోసమైతే మొదట పడవెక్కకుండా ఆగాడో అవి ఇప్పుడు అతనికి గుర్తున్నాయో లేదో కథ చెప్పదు. కుక్క కోసం వచ్చాడు. ఒక కొబ్బరిచెట్టు మొదట్లో ఒక కుక్క శవం ఉంది. కాలి బొటనవేలితో తిప్పి చూస్తాడు. తనదేనేమో అని అనుమానం. ఒక చెవి తెగిపోయి ఉంది. చర్మం కుళ్ళి రంగు తెలియడం లేదు. అక్కడ ఆపేశాడు తకళి. అవునా కాదా అన్నది తేల్చలేదు. చేన్నన్ ఏడ్చాడనీ అనలేదు.

మిసెస్ టల్లివర్ ఆ వరద తర్వాత ఏదో ఒక రోజు ఆ ఇంటికి వచ్చే ఉంటుంది. ఎలియట్ రాయలేదు గానీ వచ్చే ఉంటుంది. తడిసి, బురద పట్టి, రంగు మారిపోయిన ఏ గుడ్డనైనా ఆవిడ గుర్తుపట్టగలిగేది. మూలన కుట్టిన పేరు ఉంది కదా, ఎలిజబెత్ డాడ్సన్ అని.